హార్డ్ డిస్క్ మార్చమంటే డేటా పోగొట్టారు.. కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. చిన్న దుకాణాలకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేస్తూ బతుకుతున్నాను. కంప్యూటర్ నెమ్మదించిందని హార్డ్ డిస్క్ తీసి, దాని బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయమని షాపులో ఇచ్చాను. పాత డేటా బ్యాకప్ తీసి కొత్తదాంట్లో ఎక్కిస్తామని విడిగా డబ్బు తీసుకున్నారు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే విండోస్ తప్ప ఏమీ లేదు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ లేదు, పిల్లల ఫొటోలూ లేవు. పాత డిస్క్ అడిగితే ‘ఇక్కడే ఎక్కడో ఉంటుంది, చూస్తాం’ అంటున్నారు. గట్టిగా అడిగితే బిల్లు కింద ‘డేటాకు మా బాధ్యత లేదు’ అన్న లైను చూపిస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: కేసు సంగతి తర్వాత, ముందు పాత డిస్క్ మీ చేతికి రావాలి. ‘నా డిస్క్‌నూ, బ్యాకప్ తీసిన డ్రైవ్‌నూ ఫార్మాట్ చేయొద్దు, వాటిలో ఇంకేమీ ఎక్కించొద్దు, డిస్క్ తిరిగివ్వండి’ అని ఇవాళే షాపువాళ్లకు వాట్సాప్ పెట్టండి. మామూలు హార్డ్ డిస్క్‌లో ఫైళ్లు డిలీట్ అయినా, వాటి మీద కొత్త డేటా పడేదాకా రికవరీకి అవకాశం ఉంటుంది. డిస్క్ దొరికాక ఉచిత సాఫ్ట్‌వేర్లతో మీరే ప్రయోగాలు చేయకండి.

రిపేరుకిచ్చిన వస్తువు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో ‘బెయిల్‌మెంట్’ (ఒక పని కోసం వస్తువును తాత్కాలికంగా అప్పగించడం) కిందకు వస్తుంది. పని అయ్యాక, మీరు అడగకపోయినా వాళ్లంతట వాళ్లే తిరిగివ్వాలని సెక్షన్ 160 చెబుతోంది. ‘ఎక్కడో ఉంటుంది’ అన్నది జవాబే కాదు. అయితే వారంటీలో మార్చి ఉన్నా, ఎక్స్ఛేంజ్ పేరుతో ధర తగ్గించి ఉన్నా కథ వేరు. బిల్లులో ఆ మాట ఉందేమో ఒకసారి చూసుకోండి. కూలీ బాకీ ఉంటే అది కట్టేయండి. చేసిన పనికి డబ్బు రాకపోతే వస్తువు అట్టిపెట్టుకునే హక్కు సెక్షన్ 170 కింద రిపేరు చేసినవాళ్లకు ఉంటుంది. ఆ సాకు వాళ్లకు మిగల్చకండి.

ఇక ఆ బిల్లు లైను. బ్యాకప్ మాటే ఎత్తని రిపేరుకైతే అది షాపుకు కొంత పనికొచ్చేది. మీ దగ్గర ఆ పనికే డబ్బు తీసుకున్నారు. తీసుకున్న పని చేయకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం. కాబట్టి బిల్లులో ‘బ్యాకప్ ఛార్జీలు’ అని ఉంటే సగం కేసు అక్కడే గెలిచినట్టు. లేకపోతే యూపీఐ చెల్లింపు, వాట్సాప్ మెసేజ్‌లు భద్రంగా ఉంచండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు ఆపండి.

‘ఇది వ్యాపారానికి వాడే కంప్యూటర్, మీరు వినియోగదారుడే కాదు’ అని అవతలి లాయరు అనొచ్చు. పొట్టకూటికి స్వయం ఉపాధి కోసం వాడుకునేవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. ‘ఈ పని మీదే బతుకుతున్నాను’ అని ఫిర్యాదులో ఒక్క వాక్యం రాయడం మరచిపోవద్దు.

ముందు లీగల్ నోటీసు ఇవ్వండి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా షాపులు అక్కడే దిగొస్తాయి. లేదంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటదు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు.

మీ క్లయింట్ల లెక్కలు ఎవరైనా కాపీ చేసుకున్నట్టు ఆధారం దొరికితే అది ఐటీ (సమాచార సాంకేతికత) చట్టం సెక్షన్ 43, 66 కిందకు వెళ్తుంది. ఉత్త అనుమానంతో మాత్రం పోలీసు ఫిర్యాదు వద్దు. ఉన్న కేసు కూడా పలచబడుతుంది.

పరిహారం ఎంత వస్తుందన్నది పోయిన డేటా విలువను మీరు ఎంతవరకు రుజువు చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. పిల్లల ఫొటోలకు లెక్క కట్టలేం, మానసిక వేదన కింద అడగాల్సిందే. అక్కడ లక్షలు ఆశించకండి. ట్యాలీ డేటా అలా కాదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 ప్రకారం నష్టాన్ని తగ్గించుకోవడానికి మీరు ఏం చేశారన్నదీ చూస్తారు. జీఎస్టీ పోర్టల్ నుంచి రిటర్నులు డౌన్‌లోడ్ చేసుకోండి, క్లయింట్ల దగ్గర బిల్లులు తెచ్చుకుని ఎంట్రీలు మళ్లీ మొదలుపెట్టండి. డేటా రికవరీ చేయిస్తే దాని రసీదు, ఎంట్రీకి పెట్టుకున్న మనిషికి ఇచ్చిన జీతం, ఆలస్యం వల్ల కట్టిన లేట్ ఫీజు చలానాలు ఒక ఫైల్లో పెట్టి ఫిర్యాదుకు జత చేయండి.