మాంటిక్లోస్ సమర్పించిన కంచు బొమ్మ ఎవరి రూపం?

తొడల మీద “మాంటిక్లోస్ నన్ను సమర్పించాడు” అని చెక్కి ఉన్నందున ఆ బొమ్మ మాంటిక్లోస్ రూపమే అయి ఉండాలి కదా అని మీరు అడిగారు. ప్రాచీన గ్రీసులో మొక్కుబడి వస్తువు తానే మాట్లాడుతున్నట్లు రాయడం ఆనవాయితీ కాబట్టి, “నన్ను” అంటే “ఈ వస్తువును” అని మాత్రమే అర్థం. రూపం ఎవరిదో ఆ మాట చెప్పదు.

గ్రీసులోని థీబ్స్ నగరానికి చెందినదిగా చెప్పే, ఇప్పుడు బోస్టన్ లలితకళా మ్యూజియంలో ఉన్న ఈ బొమ్మ సుమారు క్రీ.పూ. 700–675 నాటిది, మిగిలిన ఎత్తు దాదాపు 20 సెంటీమీటర్లు. వెండి విల్లు ధరించి దూరం నుండి గురిచూసి కొట్టే దేవుడికి దేవుడికి చెల్లించే తన పదోవంతు వాటాలో నుండి దీనిని ఇస్తున్నానని, బదులుగా ఫీబస్ (గ్రీకు దేవుడు అపోలోకు మరో పేరు) ఏదైనా మంచి ప్రతిఫలం ఇవ్వాలని రెండు పద్యపాదాలలో దాత కోరాడు (మన మొక్కుల బేరం గుర్తుకు రాక మానదు). ఎడమ చేతి పిడికిలిలోని రంధ్రంలో విల్లు ఉండేదనుకుంటే ఇది అపోలో అవుతుంది. తల మీది రంధ్రం శిరస్త్రాణం బిగించడానికనీ, చేతిలో ఉన్నది ఈటె అనీ అనుకుంటే యోధుడవుతాడు. శాసనం విల్లునే ప్రస్తావించినందున నేను అపోలో వైపే మొగ్గుతాను. అయితే కుడిచేయి విరిగిపోయినందున మీరు మీ వ్యాసంలో “బహుశా అపోలో” అని రాయడమే సబబు.