డిమెన్షియా ఉన్న పెద్దవారికి పాటలు మేలా, వ్యాయామం మేలా?

నాయనమ్మగారికి డిమెన్షియా (జ్ఞాపకశక్తీ ఆలోచనా క్రమంగా తగ్గిపోయే జబ్బు) వచ్చిందని, పాటలు వినిపించమని ఒకరు, రోజూ నడిపించమని ఇంకొకరు చెబుతున్నారని, ఏది మేలో తేలడం లేదని మీరు రాశారు. ఇదే జబ్బు ఉన్న మా అమ్మను ఆరేళ్లుగా చూసుకుంటున్న నాకు ఆ రెండింటినీ విడదీయడమే పొరపాటనిపిస్తుంది.

అమ్మ తణుకు దగ్గరి పల్లెలో పెరిగింది. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి, 'వన్, టూ' అని లెక్కపెడుతూ చేతులు ఎత్తమంటే, భుజం దాటి ఎత్తేది కాదు. రెండో వారానికి ఆయనను చూడగానే ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏడాది నాగుల చవితికి మా పిన్ని వచ్చి, పెరట్లో రోలు కడిగి, చిమ్మిలికి నువ్వులు దంచుతూ అలవాటుగా సువ్వి పాట అందుకుంది. వసారాలో కూర్చున్న అమ్మ లేచి, గోడవారగా ఉన్న రెండో రోకలి తీసుకుని, కొంగు నడుముకు దోపుకుని పిన్నికి ఎదురుగా నిలబడింది. ఒకే రోట్లో ఇద్దరు దంచేటప్పుడు ఒకరి రోకలి లేచేసరికి రెండోవారిది పడాలి, లేకపోతే రోకళ్లు ఢీకొంటాయి. పావుగంటలో ఒక్కసారి కూడా ఢీకొనలేదు. భుజం దాటని చేయి నుదుటి దాకా లేచింది. పిన్ని మరిచిపోయిన చరణాన్ని అమ్మే అందించింది. చిమ్మిలి రుచి చూడబోయిన నా చేతిమీద, నైవేద్యం కాకుండానే ఏమిటని ఒక్కటి చరిచి, పిన్ని వైపు తిరిగి "నువ్వు ఎవరి అమ్మాయివమ్మా?" అని అడిగింది.

డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన ఆల్జీమర్స్‌లో, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం మొదట్లోనే దెబ్బతింటుంది కానీ, చిన్ననాటి పాటలు, చేతికి అలవాటైన పనులు చాలాకాలం మిగులుతాయని డాక్టరు చెప్పారు. జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని మాత్రం ఆశపడకండి, మాకు రాలేదు. కానీ ఇలా పాటతో పని చేయించడం మొదలుపెట్టాక, పొద్దు గూకగానే 'మా ఇంటికి పోతాను' అనే పేచీ తగ్గింది, రాత్రి నిద్ర పట్టింది. బ్రిటన్‌లో దాదాపు 500 మంది డిమెన్షియా రోగుల మీద జరిగి, 2018లో వెలువడిన పరిశోధనలో, గట్టి వ్యాయామం వల్ల ఒంట్లో సత్తువ పెరిగినా మతిమరుపు నెమ్మదించలేదని తేలింది. వారి చేత సైకిలు తొక్కించారు, బరువులు ఎత్తించారు. ఒక్క పాటైనా పాడించి ఉంటే ఫలితం వేరుగా ఉండేదని నా గట్టి నమ్మకం.

పాట అంటే పొద్దస్తమానం స్పీకరులో భక్తిగీతాలు మోగించడం కాదు. మా బంధువు ఒకరు అలాంటి పెట్టె కానుకగా తెచ్చారు. గంటసేపు మోగేసరికి అమ్మ చెవులు మూసుకుంది. చూడవచ్చిన ప్రతివారూ "నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టడం అంతకన్నా బాధాకరం, ఎందుకంటే జవాబు రాని ప్రతిసారీ ఆమె ముఖం చిన్నబోతుంది.

మీ నాయనమ్మగారు పెళ్లికి ముందు ఏ పని చేస్తూ ఏ పాట పాడేవారో, ఆమె చెల్లెళ్లుంటే వారిని అడగండి. నాట్ల పాట కావచ్చు, కోలాటం కావచ్చు. నిలబడి చేసే పని అయితే వెనుక ఒక మనిషి తప్పకుండా ఉండాలి. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడం కష్టం.

అమ్మ ఇప్పుడు నిలబడలేదు. ఒడిలో చేట పెట్టి గుప్పెడు బియ్యం పోస్తే చెరుగుతుంది. మాటలు దాదాపు పోయాయి కానీ, చేట ఎగరేసినప్పుడల్లా 'సువ్వి' అంటుంది.