ఐడీ ఒక్కటే సరిగా వస్తోందా?

ప్రశ్న: అన్నా, మా మిర్చి చేనులో ఆర్డుయినో ఊనో బోర్డు, ఇంట్లో ఈఎస్‌పీ32 బోర్డు పెట్టి లోరా (దూరం పోయే రేడియో) మీద సెన్సర్ రీడింగులు పంపుతున్నాను. స్ట్రక్ట్‌లో (ప్రోగ్రాంలో కొన్ని అంకెలను ఒక మూటగా కట్టేది) వరసగా సెన్సర్ ఐడీ 1 బైటు, ఉష్ణోగ్రత ఫ్లోట్ (దశాంశ అంకె) 4 బైట్లు, తేమ 2 బైట్లు, సమయం 4 బైట్లు. దాన్ని అలాగే పంపి, అటువైపు అలాంటి స్ట్రక్ట్‌లోకే దించుతున్నా. ఐడీ బాగానే వస్తోంది, మిగతావి పిచ్చి అంకెలు. యాంటెనా మార్చినా అంతే.
- పాలిటెక్నిక్ విద్యార్థి, నర్సంపేట

జవాబు: యాంటెనా పాపం ఏం చేసింది తమ్ముడూ! సిగ్నల్ తేడా అయితే ఐడీ కూడా అప్పుడప్పుడు చెడేది. అదొక్కటి ప్రతిసారీ బాగుందంటే గాలిలో ఏమీ పోలేదు, దించుకునే చోటే లెక్క తప్పింది.

రెండు బోర్డుల్లోనూ సైజ్ఆఫ్ (స్ట్రక్ట్ ఎన్ని బైట్లో చెప్పేది) ప్రింట్ చేసి చూడు. ఊనోలో 11 వస్తుంది, ఈఎస్‌పీ32లో 16. ఊనోది 8 బిట్ల చిప్పు, బైట్లను ఇరుకుగా పేర్చేస్తుంది. 32 బిట్ల చిప్పుకైతే కంపైలర్ (ప్రోగ్రాంను చిప్పు భాషలోకి మార్చేది) 4 బైట్ల అంకెను 4తో నిశ్శేషంగా పోయే అడ్రసులోనే కూర్చోబెడుతుంది. అందుకని ఐడీ తర్వాత 3, తేమ తర్వాత 2 బైట్లు ఖాళీ వదులుతుంది. నీ ఉష్ణోగ్రతలో మొదటి 3 బైట్లు ఆ ఖాళీలో పడిపోతున్నాయి. మిగిలిన ఒక్కటి, తేమ రెండు, సమయంలో మొదటిది కలిపి ఫ్లోట్ అనుకుంటోంది!

స్ట్రక్ట్‌కు ‘ప్యాక్డ్’ (ఖాళీలు వదలొద్దు) అని తగిలిస్తే ఈ రెండు బోర్డుల మధ్య పని జరిగిపోతుంది. నాకు మాత్రం నచ్చదు. బైట్ల వరస తిరగేసే చిప్పు రేపు వస్తే కథ మళ్లీ మొదటికే. నువ్వే ఒక్కో బైటూ పేర్చు. 31.46 డిగ్రీలను 100తో గుణించి 3146 చెయ్. అది 12 × 256 + 74. ముందు 74, తర్వాత 12 పంపు. అటువైపు 12ను 8 బిట్లు ఎడమకు జరిపి (అంటే 256తో గుణించి) 74 కలిపితే సరి. అంకె మాత్రం సైన్డ్‌గా (మైనస్ కూడా పట్టేలా) ఉండాలి. నర్సంపేటలో మైనస్ డిగ్రీలెక్కడివి అంటావేమో, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ వైరు ఊడితే దాని లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది.

మొదటి బైటులో వర్షన్ నంబరు తప్పకుండా పెట్టు, బైట్లు పాత వరసవో కొత్త వరసవో దాన్నిబట్టే తెలుస్తుంది. అది పెట్టక నేనే దెబ్బ తిన్నా. పరకాలలో మా బావ బోరు టైమర్‌కు సెట్టింగుల స్ట్రక్ట్‌ను ఉన్నదున్నట్టు ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) దాచాను. తర్వాత మధ్యలో ఒక బైటు చేర్చి కొత్త ప్రోగ్రాం ఎక్కించా. పాత బైట్లు ఒక గడి జరిగాయి. మోటారు నడవాల్సిన 20 నిమిషాలు, పక్కనున్న 5ను పై బైటుగా కలుపుకుని 1280 (5 × 256) అయ్యాయి. తెల్లారేసరికి ట్యాంకు పొర్లి వాకిలంతా బురద. ఆ పొద్దు బావ ఫోన్లో అన్న మాటలు పత్రికలో వేసేవి కావు.