1,900 డాలర్లు మిగిల్చి 5,900 బాకీ తెచ్చుకున్నారు

ప్రశ్న: అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఎంఎస్ చదువుతున్నాను. రెండు సెమిస్టర్లు అయ్యాయి. యూనివర్సిటీ బీమా ఏడాదికి 2,600 డాలర్లని దాన్ని వద్దనుకుని బయట 700 డాలర్ల పాలసీ తీసుకున్నాను. ఓ రాత్రి కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే 7,400 బిల్లు వచ్చింది, పాలసీ 1,500 మాత్రమే ఇచ్చింది. మూడో సెమిస్టర్ ఫీజు 9,800 మూడు వారాల్లో కట్టాలి. విద్యారుణం విడతకు ఆరు వారాలు పడుతుందని బ్యాంకు అంటోంది. చేతిలో 3,600 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 5,000 నగదు తీయనా, నాన్నను రెండు రూపాయల వడ్డీకి ఐదు లక్షలు తెమ్మననా, ఒక కోర్సు వదిలేసి ఫీజు తగ్గించుకోనా? బయట నగదు పని దొరుకుతుందని స్నేహితులు అంటున్నారు.

జవాబు: మీరు రాసిన నాలుగు దారుల్లో ఒక్కటి కూడా వద్దు. కార్డు మీద నగదు తీస్తే రుసుము ఐదు శాతం అనుకున్నా 250 డాలర్లు ఆ రోజే పోతాయి. కొనుగోళ్లకు ఇచ్చినట్టు దీనికి గడువు ఇవ్వరు, తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఇక రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఐదు లక్షలకు నెలకు పదివేలు. మీకు ఉద్యోగం వచ్చి చేతికి జీతం అందేసరికి ఏడాదిన్నర పట్టిందనుకోండి, వడ్డీకే 1,80,000 పోతుంది, అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు విద్యారుణం వడ్డీకి పాత విధానంలో దొరికే పన్ను మినహాయింపు కూడా దీనికి రాదు. బ్యాంకు డబ్బు మూడు వారాలు ఆలస్యమవుతోందని నాన్నగారి మెడకు ఇంత బరువు కట్టడం ఏమిటి?

ముందు ఆసుపత్రి బిల్లు సంగతి. మిగిలిన 5,900ను కార్డుతో మాత్రం కట్టకండి. ఇప్పుడది ఆసుపత్రి బాకీ, తగ్గించమని అడగొచ్చు. కార్డు మీదికి ఎక్కిందంటే బ్యాంకు బాకీ అవుతుంది, అక్కడ తగ్గింపు అడిగే వీలు లేదు. బిల్లింగ్ విభాగాన్ని పద్దులవారీ బిల్లు అడగండి. బీమా సంస్థ పంపిన చెల్లింపుల వివరాల పత్రంతో ఒక్కో పద్దూ పోల్చి చూడండి. రెండుసార్లు వేసిన పరీక్ష, తప్పుడు కోడ్ వంటివి అక్కడే బయటపడతాయి. తర్వాత ఆర్థిక సహాయం దరఖాస్తు అడగండి. అది లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే ఇలాంటి విధానం రాతపూర్వకంగా ఉండి తీరాలి, మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. ఎవరికి ఎంత తగ్గిస్తారన్నది ఆసుపత్రిని బట్టి మారుతుంది, కాబట్టి విధానం ప్రతి తీసుకుని చదవండి. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయం లేదన్న ఉత్తరం దగ్గర పెట్టుకోండి. ఎమర్జెన్సీ డాక్టరు, స్కానింగ్ చూసిన డాక్టరు విడిగా బిల్లు పంపడం మామూలే. వాళ్లు ఆ సహాయం పరిధిలోకి వస్తారో లేదో కూడా ఆ విధానంలోనే రాసి ఉంటుంది. ఎంతో కొంత మిగిలితే వడ్డీ లేని నెలవారీ వాయిదాలు అడిగి, ఒప్పుకున్నది కాగితం మీద తీసుకోండి.

ఫీజుకు స్టూడెంట్ అకౌంట్స్ ఆఫీసుకు వెళ్లండి, కొన్నిచోట్ల బర్సర్ ఆఫీసంటారు. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజును నాలుగైదు వాయిదాల్లో కట్టుకోవచ్చు, వడ్డీ ఉండదు, చేరడానికి చిన్న రుసుము ఉంటుంది. యూనివర్సిటీ బీమాలో మళ్లీ చేరాలి, ఎందుకో కింద చెబుతాను. ఈ సెమిస్టర్‌కు దాని వాటా 1,300 కూడా కలిపితే మీరు కట్టాల్సింది 11,100. నాలుగు వాయిదాలైతే ఒక్కోటి 2,775, రుసుము 50 అనుకుంటే మొదట 2,825 కట్టాలి. మీ 3,600లో ఇంకా 775 మిగులుతాయి. రెండో వాయిదా తేదీ దాటేలోపే బ్యాంకు విడత వచ్చేలా చూసుకోవాలి. అందుకు రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మార్కుల పత్రం, విద్యార్థిగా కొనసాగుతున్నట్టు ధ్రువపత్రం, అకౌంట్స్ నుంచి ఫీజు డిమాండ్ లెటర్ ఈ వారమే తీసి బ్యాంకుకు పంపండి. బ్యాంకులు ఎక్కువగా ఆపేది ఈ మూడింట్లో ఒకటి తక్కువైనప్పుడే. వాయిదాల పథకంలో చేరే గడువు ఫీజు గడువుకు ముందే ముగియవచ్చు. అది దాటితే ఆలస్య రుసుము పడుతుంది, ఖాతా మీద హోల్డ్ పెడితే రిజిస్ట్రేషన్ కూడా ఆగుతుంది.

ఎందుకైనా మంచిది, డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసులో కూడా అడగండి. కొన్ని యూనివర్సిటీలు చిన్న అత్యవసర గ్రాంటు, లేదా వడ్డీ లేని స్వల్పకాలిక అప్పు ఇస్తాయి. ఫెడరల్ సాయం ఎఫ్-1 వాళ్లకు రాదు, దాతల నిధి నుంచి ఇచ్చేది రావచ్చు. ‘అంతర్జాతీయ విద్యార్థులకు ఇస్తారా’ అని సూటిగా అడగండి.

కోర్సు వదిలేసే ఆలోచన అన్నిటికన్నా ప్రమాదం. పీజీలో పూర్తికాల విద్యార్థి అంటే ఎక్కువచోట్ల 9 క్రెడిట్లు. అంతకు తగ్గాలంటే ఇంటర్నేషనల్ ఆఫీసులో విద్యార్థి వీసా వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓ అనుమతి ముందే కావాలి. అనారోగ్యం కారణమైతే డాక్టరు లేఖతో అనుమతి రావచ్చు, డబ్బు లేదన్న కారణానికి రాదు. అనుమతి లేకుండా వదిలేస్తే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రిజిస్టరైన సెవిస్‌లో మీ రికార్డు రద్దవుతుంది, వీసా హోదా పోతుంది. క్లాసులు మొదలయ్యాక వదిలితే వారం గడిచేకొద్దీ ఫీజు వాపసు కూడా తగ్గిపోతుంది.

బయట నగదు పని గురించి చెప్పిన స్నేహితులు మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ ఆ మాట వినకండి. అనుమతి లేని పని చేసినవాళ్లకు పోయిన హోదాను తిరిగి నిలబెట్టుకునే అవకాశం కూడా ఉండదు. క్యాంపస్‌లో క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో పూర్తి సమయం చేయొచ్చు. జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పేరుతో 7.65 శాతం పన్ను కోశారేమో చూసుకోండి. అమెరికాలో మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఎఫ్-1 విద్యార్థులకు మామూలుగా అది వర్తించదు, కోస్తే పేరోల్‌ను వెనక్కి ఇమ్మనండి. మీకు ఒక పూర్తి విద్యా సంవత్సరం గడిచింది కాబట్టి తీవ్ర ఆర్థిక ఇబ్బంది కింద బయట పనికి దరఖాస్తు చేసే వీలూ ఉంది. అనుకోని వైద్య ఖర్చు అందులో చెల్లే కారణమే. డీఎస్‌ఓ సిఫారసు చేశాక పని అనుమతి కోసం ఐ-765 ఫారం వేయాలి, ఆ అనుమతి కార్డు చేతికొచ్చే దాకా పని మొదలుపెట్టకూడదు. నెలలు పట్టొచ్చు, అందుకని ఈ ఫీజుకు దాన్ని నమ్ముకోవద్దు.

మీ ఉత్తరం తీసుకోవడానికి కారణం బీమా. ‘మనకేం జబ్బులు లేవుగా’ అనుకుని యూనివర్సిటీ ప్లాన్‌ను వదులుకునే విద్యార్థులు చాలామంది. ప్రీమియం చూస్తారు, పాలసీలో ఒక్కో చికిత్సకు ఇచ్చే గరిష్ఠ మొత్తం చూడరు. మీ పాలసీ చేతులెత్తేసింది అక్కడే. ఎఫ్-1కు ఫెడరల్ చట్టం కనీస బీమా ఏదీ పెట్టలేదు. ఎక్స్చేంజ్ కార్యక్రమాల మీద వచ్చేవాళ్ల జె-1 వీసాకు మాత్రం పెట్టింది: ఒక్కో అనారోగ్యానికి లేదా ప్రమాదానికి 1,00,000 డాలర్ల కవర్, డిడక్టిబుల్ (బీమా ఇవ్వడం మొదలుపెట్టే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సింది) 500 దాటకూడదు. అంతకన్నా తక్కువ కవర్ ఉన్న పాలసీని మీరు కూడా ముట్టుకోవద్దు. కొత్త విద్యా సంవత్సరం మొదలవుతోంది కాబట్టి ఇప్పుడు మళ్లీ యూనివర్సిటీ ప్లాన్‌లో చేరండి. ఆ ప్లాన్ వద్దని మీరు తీసుకున్న పాత మినహాయింపు తనంతట తానే కొనసాగుతోందేమో స్టూడెంట్ హెల్త్ ఆఫీసులో కనుక్కోండి, గడువు దాటితే సెమిస్టరంతా ఇరుక్కుంటారు. ఫీజులో హెల్త్ ఫీ కట్టి ఉంటే క్యాంపస్ క్లినిక్‌లో డాక్టరును చూడటం ఉచితమో, స్వల్ప ఖర్చో అవుతుంది. రాత్రివేళ నర్సుతో మాట్లాడే నంబరు ఉంటే ఫోన్లో పెట్టుకోండి. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం వంటివైతే ఆలోచించకుండా ఎమర్జెన్సీకే వెళ్లండి. అలాంటివి కానప్పుడు ఎక్కడికి వెళ్లాలో ఆ నర్సు చెబుతారు.

మిగిలే ఆ 775 డాలర్లు మీ అత్యవసర నిధికి మొదటి సొమ్ము. వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి ఇవాళే అందులో వేయండి, దాని డెబిట్ కార్డు జేబులో పెట్టుకోకండి. క్యాంపస్ పని దొరికితే ప్రతి జీతంలో 100 డాలర్లు ముందు అటు పోవాలి, ఆ తర్వాతే ఖర్చులు. మూడు నెలల అద్దె, తిండి, ఫోను, దానికి తోడు కొత్త బీమా డిడక్టిబుల్ చేరేవరకు ఆపకండి. మూడు నెలలని ఊరికే అనడం లేదు. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి మీద ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. విద్యార్థి బీమా సాధారణంగా ఆ సమయంలోనే ముగుస్తుంది. ఓపీటీకి దరఖాస్తు చేసే వారమే మీ కవర్ ఏ తేదీన ఆగుతుందో హెల్త్ ఆఫీసులో అడిగి, ఆ మర్నాటి నుంచే మొదలయ్యేలా మరో పాలసీ తీసుకోండి.