న్యూయార్క్ గుర్రంలో వాటా కొంటే ఆ బోనస్ ఎవరి జేబులోకి వెళ్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీరు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నారు, హెచ్‌-1బీ వీసా మీద ఉన్నారు. ఒక మిత్రుడు న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన రెండేళ్ల ఆడగుర్రంలో 5 శాతం వాటా ఇస్తానంటున్నారు. స్థానికంగా పుట్టిన గుర్రాలకు రాష్ట్రం అదనంగా బోనస్ ఇస్తుంది కాబట్టి నష్టపోయే అవకాశమే లేదని ఆయన భరోసా.

బోనస్ ఉన్న మాట నిజమే. నష్టం ఉండదన్న మాట మాత్రం నమ్మకండి. ఆ బోనస్‌లో పెద్ద భాగం మీకు రాదు, గుర్రాన్ని పుట్టించినవారికి వెళ్తుంది. మీ మిత్రుడు ఆ సంగతి చెప్పారో లేదో మీ ప్రశ్నలో లేదు.

నేను న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీ దగ్గర ఉంటాను. సరటోగా రేసుకోర్సు మా ఇంటికి దూరం కాదు. ఆఫీసు మిత్రులతో కలిసి ఒక సిండికేట్‌లో, అంటే కొందరు కలిసి గుర్రాన్ని కొనుక్కునే బృందంలో, చిన్న వాటా కొన్నాను. ఆ ఆడగుర్రం పరుగు మానేశాక మాలో కొందరం దాన్ని వదులుకోలేక సంతానం కోసం ఉంచుకున్నాం. అలా ఈ పథకాన్ని యజమానిగానూ, పెంపకందారుడిగానూ చూశాను. ఈ సంగతి ఇంట్లో తెలిసినప్పుడు మా అమ్మ ఫోనులో అన్న మొదటి మాట, ‘గుర్రప్పందేలా?’ అని. పందెం కాయడం వేరు, గుర్రాన్ని పెంచడం వేరు అని చెప్పడానికి చాలా శ్రమపడ్డాను. కానీ ఆవిడ అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు. ఈ బోనస్ సొమ్ము వచ్చేది పందేల నుంచే.

న్యూయార్క్‌లో ఇందుకోసం 1973లో ఒక ప్రత్యేక నిధి ఏర్పాటు చేశారు. రాష్ట్రంలోని రేసులపై జనం కాసే పందేల మొత్తంలో కొంత శాతం దానికి చేరుతుంది. 2011లో న్యూయార్క్ నగరంలోని ఆక్విడక్ట్ రేసుకోర్సు పక్కన జూదపు యంత్రాల కేంద్రం తెరిచాక అక్కడి ఆదాయంలోనూ కొంత రావడం మొదలైంది. ఆ డబ్బును పంచే పద్ధతిలో ముగ్గురు కనిపిస్తారు. మొదటివారు పెంపకందారు, అంటే పిల్ల పుట్టిన నాటికి తల్లి గుర్రం ఎవరిదో వారు. రెండోవారు తండ్రి గుర్రం యజమాని, అయితే ఆ స్టాలియన్ న్యూయార్క్‌లో నమోదై ఉండాలి. మూడోవారు పరుగెత్తే గుర్రం యజమాని. మీరు కొనబోయే వాటా మూడో వరసలోది.

ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఊహించుకున్నవే. 70,000 డాలర్ల ప్రైజ్ మనీ ఉన్న రేసును మీ గుర్రం గెలిచిందనుకుందాం. గెలిచినవారికి 55 శాతం అనుకుంటే 38,500. అందులో ట్రైనర్‌కు 10 శాతం, జాకీకి 10 శాతం పోగా 30,800 మిగులుతుంది. మీ 5 శాతానికి 1,540 డాలర్లు. ఇక ఖర్చు చూడండి. న్యూయార్క్ నగరం వైపు మంచి ట్రైనర్ రోజుకు వంద డాలర్లకు పైనే తీసుకుంటారు. 120 అనుకుంటే ఏడాదికి 43,800. పశువైద్యుడు, లాడాలు, రవాణా, బీమా కలిపితే 50,000 దాటడం కష్టమేమీ కాదు. అందులో మీ వంతు 2,500. అంటే ఏడాదికి ఒక రేసు గెలిచినా మీ వాటా ఖర్చు పూర్తిగా రాదు. రెండు గెలిస్తే ఒడ్డున పడతారు. అసలు ఒక్కటీ గెలవని గుర్రాలు బోలెడు.

ఇప్పుడు అదే గెలుపుకు పెంపకందారుకు వచ్చేది చూడండి. మాకు మొదట చెక్కులు వచ్చిన కాలంలో గెలుపు సొమ్ముపై పెంపకందారు అవార్డు, తండ్రి కూడా న్యూయార్క్ స్టాలియన్ అయితే 40 శాతం, బయటి స్టాలియన్ అయితే 20 శాతం ఉండేది. గరిష్ఠ పరిమితి ఒకటి ఉంటుంది, నిబంధనలు ఏటికేడు మారుతుంటాయి కాబట్టి ఈ ఏటి పట్టిక చూసుకోండి. పై ఉదాహరణలో ఇది 15,400 లేదా 7,700 డాలర్లు. దీని కోసం పెంపకందారు ఆ రోజు ట్రైనర్‌కు గానీ జాకీకి గానీ పైసా ఇవ్వనక్కర్లేదు. గుర్రాన్ని ఏనాడో అమ్మేసి ఉన్నా సరే, అది ఎన్ని చేతులు మారినా సరే, అవార్డు మాత్రం ఆయన పేరు మీదే వస్తుంది. మేము అమ్మేసిన పిల్లను క్లెయిమింగ్ రేసులో, అంటే పరుగెత్తే గుర్రాన్ని ముందే చెప్పిన ధరకు ఎవరైనా కొనుక్కోగల రేసులో, మరొకరు కొనుక్కుపోయారు. ఆ కొత్త యజమాని ఎవరో మాకు తెలియదు. అది రేసు గెలిచినప్పుడల్లా చెక్కు మాకు వస్తూనే ఉంది.

అయితే ఆ చెక్కు ఊరికే రాలేదు. పిల్ల న్యూయార్క్‌లో పుట్టినంత మాత్రాన న్యూయార్క్ గుర్రం కాదు. గర్భం దాల్చాక తల్లి నిర్ణీత గడువులోగా రాష్ట్రానికి చేరి, ఈనేదాకా ఇక్కడే ఉండాలి. అలా ఉండని తల్లి గుర్రమైతే ఇక్కడ ఈని, ఆ ఏడాదే ఇక్కడి స్టాలియన్‌తో మళ్లీ జత కట్టాలి. ఈ రేసుల్లో పరుగెత్తే థరోబ్రెడ్ జాతి గుర్రాలలో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు, జత కట్టించాలంటే తల్లిని స్టాలియన్ ఉన్న చోటికి తోలుకుపోవలసిందే. పేరున్న స్టాలియన్లు ఎక్కువగా ఉన్నది కెంటకీలో. కాబట్టి మా ముందు రెండు దారులు: ఇక్కడి స్టాలియన్‌తోనే జత కట్టించి పెద్ద శాతానికి అర్హత సంపాదించడం, లేదా కెంటకీకి పంపి, చూడి కట్టాక వెనక్కు తెచ్చుకుని, తక్కువ శాతంతో సరిపెట్టుకుంటూ సంతలో ఎక్కువ ధర ఆశించడం. మేము స్థానిక స్టాలియన్‌ను ఎంచుకున్నాం. రుసుము తక్కువ, రవాణా లేదు, ధైర్యం కూడా అంతే ఉంది మరి. పదకొండు నెలలు మోసే జంతువు, పైగా ఇక్కడి చలికాలం. ఏడాది పొడవునా ఫామ్‌లో ఉంచినందుకు నెలనెలా బిల్లు వస్తూనే ఉంటుంది. రాష్ట్రం ఈ అవార్డులు ఇచ్చేది సరిగ్గా ఆ బిల్లు కోసమే. గడ్డి కోసేవాడికి, లాడాలు కొట్టేవాడికి, పల్లె పశువైద్యుడికి పని దొరకాలని, పొలాలు ఇళ్ల ప్లాట్లుగా మారకూడదని. మీలాంటి వాటాదారు లాభపడాలన్నది ఆ చట్టం పెట్టినవారి తొలి ఉద్దేశం కాదు.

మరి యజమానికి ఏమీ లేదా? ఉంది. న్యూయార్క్ గుర్రాలు బయటి గుర్రాలతో కలిసి పరుగెత్తే రేసుల్లో రాణిస్తే యజమానికీ అవార్డులు ఉంటాయి. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రయోజనం వేరే. ఇక్కడ పుట్టిన గుర్రాలకే పరిమితమైన రేసులు సరటోగాలోనూ, న్యూయార్క్ నగరం వైపూ విరివిగా నడుస్తాయి. కెంటకీలో కోట్ల రూపాయలు పోసి కొన్న గుర్రాల ఎదుట నిలబడలేని మధ్యరకం గుర్రం కూడా వాటిలో గౌరవంగా పోటీ పడి, చెప్పుకోదగ్గ డబ్బు తేగలదు. మా గుర్రం సంపాదించిందంతా అలాంటి రేసుల్లోనే. ఈ స్థాయి కూడా అందుకోలేని గుర్రం చివరకు రాష్ట్రానికి పడమరగా రాచెస్టర్ వైపున్న ఫింగర్ లేక్స్ రేసుకోర్సుకు చేరుతుంది. అక్కడ ట్రైనింగ్ ఖర్చు తక్కువ, ప్రైజ్ మనీ ఇంకా తక్కువ. మీ మిత్రుడు ఆ ఆడగుర్రాన్ని ఏ రేసుకోర్సులో పరుగెత్తించాలని అనుకుంటున్నారో అడగండి. నేను పైన వేసిన లెక్క మొత్తం ఆ జవాబును బట్టి మారిపోతుంది.

ఇంకో సంగతి. ఈ ప్రయోజనాలన్నీ గుర్రం ధరలో ముందే కలిసిపోయి ఉంటాయి. అమ్మేవారికి నిబంధనలు మీకంటే బాగా తెలుసు. ఆగస్టులో సరటోగాలో న్యూయార్క్ గుర్రాల కోసమే ప్రత్యేకంగా ఒక వేలం జరుగుతుంది. ఇక్కడి రిజిస్ట్రేషన్ ఉందన్న ఒక్క కారణంతోనే కొనేవాళ్లు అక్కడ రెండు పాటలు ఎక్కువ పాడడం నేను చూశాను. మీరు ‘బోనస్ వచ్చే గుర్రం’ అని ఎక్కువ ధర పెడితే, రాబోయే బోనస్‌ను అమ్మినవారికి ముందుగానే చెల్లించేసినట్టు.

ఇక మీ మిత్రుడు ఫనీ సైడ్ కథ చెప్పే ఉంటారు. ఇక్కడ వాటాలు అమ్మేవారందరూ చెబుతారు. 2003లో కెంటకీ డెర్బీ, అంటే అమెరికాలో అన్నిటికంటే పేరున్న రేసు, గెలిచిన తొలి న్యూయార్క్ గుర్రం అది. వేలంలో పలికిన ధర 22,000 డాలర్లు, సాకటోగా స్టేబుల్ అనే మిత్రబృందం దాన్ని 75,000కు కొంది. వాళ్లు పసుపు రంగు స్కూలు బస్సు అద్దెకు తీసుకుని డెర్బీకి వెళ్లారు. ఆ గుర్రం 35 లక్షల డాలర్లకు పైగా సంపాదించింది. అదే బృందం 1,10,000కు కొన్న టిజ్ ద లా అనే గుర్రం 2020లో బెల్మాంట్ స్టేక్స్ అనే పెద్ద రేసు గెలిచింది. అన్నీ నిజాలే. కానీ ఆ రెండు గుర్రాలకూ డబ్బు తెచ్చిపెట్టింది దేశంలోని పెద్ద రేసులు, స్థానిక పథకం కాదు. రెండింటి తండ్రులూ కెంటకీ స్టాలియన్లే. ఆ కథ విని సంతోషించండి, దాన్ని చూపించి ధర పెంచితే ఒప్పుకోకండి.

వ్యాఖ్యల్లో ఒకరు ‘మన హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో ఇలాంటివి లేవు కదా, అక్కడ పెంపకందారులు ఎలా బతుకుతున్నారు’ అని అడిగారు. మన దేశంలో రేసుల్లో పరుగెత్తే గుర్రాలు దాదాపు అన్నీ మన స్టడ్ ఫామ్‌లలో పుట్టినవే. బయటినుంచి తెచ్చేది ముఖ్యంగా సంతానం కోసం. అంటే అక్కడ తలుపు మూసి స్థానికులను కాపాడతారు. అమెరికాలో ఒక రాష్ట్రం పొరుగు రాష్ట్రపు గుర్రాన్ని ఆపలేదు కాబట్టి, తలుపు తెరిచే ఉంచి సొంతవారికి అదనంగా డబ్బు ఇస్తుంది. పెన్సిల్వేనియా, మేరీలాండ్‌లవీ ఇలాంటి పథకాలే. పేరుమోసిన కెంటకీ కూడా 2005లో పెంపకందారుల కోసం ఒక నిధి పెట్టుకుంది. స్టాలియన్ రుసుములపై వసూలయ్యే అమ్మకపు పన్నే దానికి ఆధారం.

పన్నుల విషయం క్లుప్తంగా. గుర్రాలు పెంచడం, పరుగెత్తించడం వ్యాపారమా, సరదానా అన్నది అమెరికా పన్ను శాఖ చూస్తుంది. ఏడేళ్లలో రెండేళ్లు లాభం చూపగలిగితే లాభాపేక్షతో చేస్తున్నట్టుగా భావిస్తారు. మిగతా వ్యాపారాలకైతే ఐదింట మూడేళ్లు. కానీ మీలా నిర్వహణలో పాల్గొనని వాటాదారుకు వచ్చిన నష్టాన్ని పన్ను లెక్కలో జీతం ఆదాయంలోంచి తగ్గించుకోవడం సాధారణంగా కుదరదు. ‘నష్టం వచ్చినా పన్నులో కలిసొస్తుంది’ అని ఎవరైనా చెబితే మీ అకౌంటెంట్ చేత ఆ మాట రాయించుకోండి. వీసా సంగతి ఇంకా ముఖ్యం. డబ్బు పెట్టి ఊరుకోవడం వేరు, గుర్రాల లావాదేవీలు చూడడం, ట్రైనర్‌తో నిర్ణయాలు తీసుకోవడం వేరు. ఒప్పందంలో మీ పాత్ర ఏమని రాశారో ఒక వలస న్యాయవాదికి చూపించాకే సంతకం పెట్టండి.

మీ మిత్రుడి దగ్గర ముందుగా తీసుకోవలసిన కాగితాలు మూడు. న్యూయార్క్ గుర్రంగా నమోదైనట్టు పత్రం, ఎందుకంటే ‘ఇక్కడే పుట్టింది’ అనడం, నమోదు కావడం ఒకటి కాదు. గడచిన మూడు నెలల ట్రైనింగ్ బిల్లులు. ఇప్పటివరకు గుర్రానికి పెట్టిన మొత్తం, మీకు అమ్ముతున్న ధర పక్కపక్కనే ఉన్న లెక్క. పెంపకందారు పేరు ఎవరిదో కూడా నమోదు పత్రంలో చూడండి. అది మీ మిత్రుడి పేరే అయితే, గుర్రం గెలిచినప్పుడు మీతో పాటు ఆయనకు ఇంకో చెక్కు కూడా వస్తుంది. అందులో తప్పేమీ లేదు, మేమూ తీసుకుంటున్నాం. కానీ వాటా ధర బేరమాడేటప్పుడు ఆ సంగతి మీకు తెలిసి ఉండాలి.