రోష్‌ఫోర్ 10 అనే బెల్జియం బీరులో మంట, చేదు తప్ప ఏమీ తెలియడం లేదన్న ప్రశ్నకు సమాధానం

మీరు సీసాను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగి ఉంటారు. బాగా చల్లగా ఉన్న బీరులో సువాసనలు పైకి లేవవు కనుక, అందరూ చెప్పే అంజీరు, ఎండుద్రాక్ష రుచులు మీకు అందక, చేదూ గ్యాసూ మాత్రమే నాలుకకు తగులుతాయి.

1. ఈ బీరు సీసాలోనే రెండోసారి పులుస్తుంది కాబట్టి అడుగున ఈస్టు మడ్డి ఉంటుంది. అది కిందికి దిగేలా సీసాను ఒక రోజు నిలువుగా ఉంచండి.

2. తాగడానికి అరగంట ముందు బయటపెట్టండి. మన వేసవిలో అయితే పావుగంట చాలు.

3. వెడల్పాటి గ్లాసులో నెమ్మదిగా పోసి, మడ్డిని సీసాలోనే వదిలేయండి.

4. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: పోసిన తరువాత ఆగాలి. మొదటి గుక్కలో పంచదార పాకం మాడిన వాసన తప్ప పెద్దగా ఏమీ ఉండదు. పది నిమిషాలు ఆగి, గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుని, చిన్న గుక్కను నోట్లో కాసేపు నిలిపి, మింగాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదిలితే, మాగిన రేగుపండు వాసన, దాని వెనుక లవంగపు ఘాటు, చివర డార్క్ చాక్లెట్ చేదు ఒకదాని తరువాత ఒకటి తెలుస్తాయి.

ఇందులో ఆల్కహాలు 11.3 శాతం. తేలికపాటి లాగర్ బీరులా గటగటా తాగితే ఎంత వేచి చూసినా మంటే మిగులుతుంది. 330 మిల్లీలీటర్ల సీసాకు గంట సమయం ఇవ్వండి.