ఆ పది శాతాన్ని దాచవద్దు

అమ్మాయీ,

ఉత్తరం అందింది. న్యూట్రినో తగిలితే ఆర్గాన్ కేంద్రకం ఎలా స్పందిస్తుందో లెక్కకట్టే పని నీకు అప్పగించారట, సంతోషం. న్యూట్రినోలను ద్రవ ఆర్గాన్‌లో పట్టడానికి అమెరికాలో కడుతున్న డ్యూన్ ప్రయోగానికి అది అవసరమే. కానీ నలభై కణాల కేంద్రకంతో అక్షరాభ్యాసం చేయకు. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్, రెండే కణాలున్న డ్యూటెరాన్ దగ్గర కూర్చో. బంధన శక్తి 2.224 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు సరిగ్గా వచ్చాక, నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్‌ను ప్రోటాన్ పట్టుకునే లెక్క చేసి చూడు. ఆ పట్టుకోవడం ఎంత తేలికో చెప్పే అంకె (క్రాస్ సెక్షన్) ప్రయోగంలో కొలిస్తే సుమారు 334 మిల్లీబార్న్‌లు. నీకు దాదాపు పది శాతం తక్కువ వస్తుంది.

కంగారుపడి ప్రోగ్రాంలో తప్పు వెతుకుతావు. తప్పు అక్కడ లేదు. అలా పట్టుకున్నప్పుడు ఫోటాన్ (కాంతి కణం) ప్రోటాన్ నుంచో న్యూట్రాన్ నుంచో విడివిడిగా వెలువడుతుందని నువ్వు అనుకున్నావు; వాటి మధ్య రాకపోకలు సాగిస్తూ వాటిని కట్టి ఉంచే పయాన్ అనే కణానికీ అందులో వాటా ఉంది. 1972లో రిస్కా, బ్రౌన్ ఆ లోటును అలాగే పూడ్చారు. లోటు కనబడగానే ఏదో ఒక అంకెను పెంచి సరిపెట్టే అలవాటు మా తరంలోనూ ఉంది, మీ తరంలోనూ ఉంది. మినీబూన్ ప్రయోగంలో కార్బన్ మీద న్యూట్రినో లెక్క తక్కువ పడితే, తాకిడి బలం పెరిగేకొద్దీ కేంద్రక కణం స్పందన ఎలా తగ్గుతుందో చెప్పే ఆక్సియల్ మాస్‌ను ఒకటికి దగ్గర నుంచి 1.35 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు పెంచి సరిపెట్టారు. న్యూట్రినో జంట కణాలను ఒకేసారి తన్ని బయటపడేస్తున్న సంగతిని లెక్కలోకి తీసుకున్నాక అంత పెంచాల్సిన పని లేకపోయింది.

ఇంకొకటి. కణాల మధ్య బలాన్ని ఒకరి దగ్గర, కరెంట్‌ను (బయటి తాకిడికి కణాలు స్పందించే తీరును) మరొకరి దగ్గర అరువు తెచ్చుకోకు. రెండూ కంటిన్యూయిటీ సమీకరణానికి, అంటే విద్యుదావేశం ఎక్కడా పుట్టదు, పోదు అనే నియమానికి, కట్టుబడాలి. విద్యుత్ భాగంలో అది నిలుస్తోందో లేదో మొదటే సరిచూసుకో.

1994లో ఎఫ్రోస్, లైడెమాన్, ఓర్లాండినీ చూపిన లోరెంట్జ్ ఇంటెగ్రల్ పద్ధతి వాడతావనుకుంటాను. విడిపోయిన కణాల స్థితులతో కుస్తీ పట్టకుండా తప్పించుకోవచ్చు, కానీ ఆ పద్ధతి మసకబరిచి ఇచ్చిన స్పందనను చివర్లో అసలు రూపానికి తెచ్చే విలోమం చేసేటప్పుడు జాగ్రత్త. ఒకసారి నాకు స్పందనలో రెండో శిఖరం కనబడింది. మూడు రోజులు నేలమీద నడవలేదు, మీ అత్తయ్యకు కూడా చెప్పేశాను. స్పందనను గీయడానికి కలిపి వాడే బేసిస్ ఫంక్షన్లు రెండు తగ్గించేసరికి శిఖరం మాయం! వాటి సంఖ్య మార్చి, మసక ఎంతో చెప్పే లోరెంట్జ్ వెడల్పు మార్చి చూడు. స్పందన మొత్తం ఎంత ఉండాలో విడిగా చెప్పే సమ్ రూల్‌తో పోల్చు. నిలిచినదే నమ్ము.

డ్యూటెరాన్ గ్రాఫ్ రాగానే పంపు. పది శాతం తక్కువగా ఉన్నదే ముందు పంపు, పూడ్చినది తరవాత చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య